ఇంద్రేశం దారిలో మళ్లీ బిగించిన అక్యుములేటర్

ఉదయం ఏడింటికి లింగంపల్లిలో పటాన్‌చెరు బస్సెక్కాను. ఒళ్లోని సంచిలో ఒక ప్రెషర్ మీటరు, నూనె వదిలే వాల్వు ఉన్నాయి.

ఇంద్రేశం దారిలోని ఒక చిన్న కార్ఖానాలో రేకులు వంచే హైడ్రాలిక్ ప్రెస్సుకు అక్యుములేటర్ పెట్టింది నేనే. నూనెను ఒత్తిడితో నిల్వ ఉంచే ఉక్కు సీసా అది. కరెంటు పోయినా రేకును పట్టిన బిగింపు సడలదు. కానీ మోటారు ఆపినా ఆ ఒత్తిడి లోపలే ఉంటుంది. దాన్ని వదిలేసే వాల్వు నేను పెట్టలేదు. ఒకరోజు మోటారు ఆపి తుడుస్తున్న ఫిట్టర్ యాదగిరి మోచేయి లివరుకు తగిలింది. రేకును పట్టే బిగింపు దిమ్మ అతని చేతి మీదికి దిగింది. రెండు వేళ్ల కొసలు పోయాయి.

ఆ తర్వాత కార్ఖానా వాళ్లు అక్యుములేటర్‌ను తీసి పక్కన పెట్టేశారు. పోయిన వారం కరెంటు పోగానే బిగింపు సడలి, రేకు జారి ఒకరి బూటు పక్కనే పడింది. దాన్ని మళ్లీ పెట్టమని మేనేజరు నాకు ఫోన్ చేశాడు.

పటాన్‌చెరులో ఇడ్లీ తిని షేర్ ఆటో ఎక్కాను. ఎనిమిదిన్నర దాటితే అందులో చోటు దొరకదు. "బోర్డు కనవడది సార్, నీలం గేటు కాడ దిగుండ్రి" అని, కార్ఖానా పేరు విని, నాకు తెలిసిన దారే పక్కనున్నావిడ చెప్పింది.

యాదగిరి ప్రెస్సు దగ్గరే ఉన్నాడు.

"మళ్ల పెడ్తరా సార్ దాన్ని?"

"ఆ రోజు తప్పు నాది. వాల్వు పెట్టాల్సింది" అన్నాను.

"లేకుంటే రేకు పడ్తది. ఉంటే చెయ్యి పోతది. గిట్లెట్ల సార్?"

ఒంటిగంటకు బిగించడం పూర్తయింది. మెయిన్ స్విచ్ ఆపాం, రేకు కదల్లేదు. రేకు తీసేశాక వాల్వు తిప్పితే మీటరు సూది సున్నాకు పడింది. లివరు లాగినా బిగింపు దిమ్మ దిగలేదు. యాదగిరి అదంతా మూడుసార్లు చేయించాడు.

"మీటర్ ఎనక కాదు సార్, నా కండ్ల ముంగట పెట్టుండ్రి."

మార్చడానికి ఇంకో గంట పట్టింది. మూడింటికి అతని డబ్బాలోని జొన్నరొట్టె ఇద్దరం తిన్నాం.

ఐదింటి బస్సులో బీరంగూడ దాకా అతనూ వచ్చాడు. రేపు ప్రెస్సు నడుపుతావా అని అడిగాను.

"నడుపుత. గని సూది సున్నా మీదున్నదని నేనే సూస్త. మీరు చెప్పిండ్రని ఇగ చెయ్యి పెట్ట."

చెప్పి దిగిపోయాడు. ఆ మాటలో కోపం వినిపించలేదు. నా మాటను కాక సూదిని నమ్ముతానన్నాక, వెళ్లిన పని సరిగ్గానే అయిందని నాకు నమ్మకం కలిగింది.