బేస్‌లైను దగ్గర బట్టతల

ఊళ్లో ఉన్నన్నాళ్లు చేలో గరిక కనిపిస్తే వేళ్లతో సహా పీకి పారేసేవాణ్ణి. సౌదీలోని ఖఫ్జీకి వచ్చాక అదే గరికకు నీళ్లు పెట్టి సాకడం నా ఉద్యోగమైంది. మా కంపెనీ క్వార్టర్ల మధ్య ఒక టెన్నిస్ కోర్టు ఉంది. జూలైలో లండన్‌లో గడ్డి కోర్టుల పెద్ద పోటీలు జరిగే రోజుల్లోనే మా ఇంజనీర్లూ ఇక్కడ పోటీ పెట్టుకుంటారు. అక్కడ మగవాళ్ల ఫైనల్ ఉన్న ఆదివారం సాయంత్రమే ఇక్కడా ఫైనల్. ఈ ఎండల్లో గడ్డి మీద ఆడాలన్న బుద్ధి ఎవరికి పుట్టిందో గానీ, చచ్చేది మాత్రం నేను.

కిందటేడు రెండు వారాల ఆటకే బేస్‌లైను దగ్గర, అంటే నిలబడి బంతి కొట్టే చోట, గడ్డి అరిగి మట్టి తేలింది. శుక్రవారం మా ముదీర్ చూడనే చూశాడు. మేనేజరును ఇక్కడ అలాగే అంటారు. ఆదివారానికి అంతా పచ్చగా లేకపోతే నీకు ఖురూజే అన్నాడు. అంటే దేశం నుంచి పంపెయ్యడం. అప్పటికి నేను వచ్చి ఏడాదైనా కాలేదు, ఏ మొహం పెట్టుకుని తిరిగి పోను?

శనివారం వంటశాల వెనక నీళ్లు పారే చోట పెరిగిన గరికను పెళ్లలతో తవ్వి తెచ్చి, వరినాటు వేసినట్టు వరసగా నాటాను. చూస్తే కళ్లు చల్లబడ్డాయి. సాయంత్రం దాని మీద నడిస్తే మడమ జర్రున జారింది. వేళ్లు పట్టలేదు, కిందంతా బురద. పరుగెత్తే మనిషికి కాలు విరగడం ఖాయం. ఎవరికీ చెప్పలేదు. గదికొచ్చి కూర్చున్నాను, లేచాను, మళ్లీ కూర్చున్నాను.

నా గదిలోనే ఉండే జగిత్యాల అన్న, ఏసీ మెకానిక్కు, ఫోన్లో లండన్ ఆడవాళ్ల ఫైనల్ చూస్తున్నాడు.

"ఏందిరా, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్? ఇటు సూడు."

చూశాను. ఆటను కాదు, నేలను. బేస్‌లైను పొడుగునా గడ్డి లేదు, మట్టే.

"అన్నా, ఆడ గూడ బట్టతలేనా?"

"రెండు వారాలు తొక్కితె ఏ గడ్డి ఉంటదిరా? వాళ్లకేం తక్కువ, మల్ల నాటొచ్చు గద. నాటలే."

ఆ బొమ్మ నా ఫోనుకు పంపించుకున్నాను. ఆదివారం తెల్లవారుతూనే నాటిందంతా పీకేసి, పొడిమట్టి పోసి, రోలరు లాగాను. మధ్యాహ్నం దాకా ఎండబెట్టి మళ్లీ లాగాను. ముదీర్ వచ్చి మొహం గంటు పెట్టుకున్నాడు. ఆ బొమ్మ తెరిచి ఫోను చాపాను. వేళ్లతో బొమ్మ పెద్దది చేసి చూశాడు.

"లండన్?" అన్నాడు.

తలూపాను. బూటుతో నేలను తన్ని చూసి, ఖురూజ్ మాట ఎత్తకుండా వెళ్లిపోయాడు.

ఆటలో ఎవరూ జారలేదు. గెలిచిన ఇంజనీరు నా దగ్గరకొచ్చి, నేల గట్టిగా ఉంది, భయం లేకుండా పరుగెత్తాను అంటూ భుజం తట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఫోన్లో ఆ మట్టి కనిపించకపోయి ఉంటే, ఆ పచ్చగడ్డి మీదికే అతన్ని పంపి, కంచె పక్కన నిలబడి చూసేవాణ్ణి.