మూతల మీది కుంకుమ

పక్కింటి పెదనాయన పోయిన సంగతి మాకు గోడ అవతలి నుంచే తెలిసింది. పొద్దున కాఫీకి పాలు పెడుతుంటే పెద్దమ్మ కేక వినబడింది. నేను పరుగెత్తేసరికి ఆయన వరండాలో కుర్చీలోనే ఉన్నాడు. ఒక కాలికి చెప్పు ఉంది, రెండోది పక్కన పడి ఉంది. ఎక్కడికో బయలుదేరుతూ ఉన్నట్టే ఉన్నాడు. డాక్టరు వచ్చి చూసి గుండె ఆగిపోయిందన్నాడు.

వరసకు ఆయన మాకేమీ కాడు. మా నాయన ఆయన్ని అన్నా అని పిలిచేవాడు కాబట్టి నాకు పెదనాయన. ఉద్యోగమంతా అలిపిరి నుంచి కొండ మీదికి బస్సు నడపడంలోనే గడిపాడు. రిటైరయ్యాక కూడా ఆ మనిషి ఒకచోట కుదురుగా కూర్చుని ఎరగడు. మా ఇంట్లో టీవీ చూస్తున్నా కుడి కాలు నేల మీద బ్రేకు వెతుక్కుంటూ ఉండేది. "ఎక్కేటప్పుడు అందురూ డ్రైవర్లే పాపా. దిగేటప్పుడు తెలుస్తాది ఎవుడేందో" అనేవాడు. కూరగాయల ధరల దగ్గర్నుంచి పెళ్లి సంబంధాల దాకా అన్నిటికీ అదే మాట.

మా నాయనకు ఊపిరితిత్తులు దెబ్బతిని ఆక్సిజన్ మిషను తెచ్చుకున్న కొత్తలో కరెంటు పోయింది. మా ఇన్వర్టరు ఫ్యానుకూ లైట్లకూ సరిపోయేదే గానీ ఆ మిషను బరువు మోయలేకపోయింది. మిషను ఒకటే కీచుమంది. చిన్న సిలిండరు ఎలా తగిలించాలో తెలియక నేను తడుముకుంటూ ఉంటే, ఆ కీచుకు పెదనాయన చెప్పుల్లేకుండా వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. మర్నాడే మనిషిని పిలిపించి మధ్య గోడకు కన్నం కొట్టించి, వాళ్ల పెద్ద ఇన్వర్టరు నుంచి మా నాయన మంచం దాకా నల్ల వైరు లాగించాడు. అది ఆయన ఏసీ కోసం ముచ్చటపడి కొనుక్కున్నది. మరి మీ ఏసీ ఎట్లా పెదనాయనా అంటే, "మీ నాయన గాలి పీల్చుకుంటా ఉంటే నాకు సల్లగానే ఉంటాది, నువ్వు పో" అన్నాడు.

అప్పట్నుంచీ కరెంటు పోయిన ప్రతిసారీ గోడ అవతలి నుంచి ఒకే కేక. "నడస్తా ఉండాదా?" నేను ఇటు నుంచి "నడస్తా ఉండాది పెదనాయనా" అని అరవాలి. నేను స్నానానికి వెళ్లి జవాబు ఆలస్యమైతే తలుపు బాదేవాడు. కొన్నిసార్లు నాకు విసుగు కూడా వచ్చేది. ఇప్పుడు ఇది రాస్తున్నా నా చెవి ఒకటి ఆ మిషను మీదే ఉంది. ఆ అలవాటు ఆయన అంటించిందే.

బ్యాటరీలను ఆయన బస్సును చూసుకున్నట్టే చూసుకున్నాడు. ఆయుధపూజకు వాటిని తుడిచి, పసుపు రాసి, ఒక్కో మూత మీదా దండిగా కుంకుమ అద్ది, నిమ్మకాయ కోసేవాడు. ఆ మూతల్లో నీళ్లు ఎంత ఉన్నాయో చూపించే చిన్న పుల్లలు ఉంటాయి. నీళ్లు చాలినంత ఉంటే పచ్చ గీత, తగ్గితే ఎర్ర గీత. "ఎరుపు కనపడితే నీళ్లు పొయ్యాల" అని నాకు నేర్పింది కూడా ఆయనే. ఈ వేసవిలో మాత్రం కరెంటు పోయిన కాసేపటికే ఇన్వర్టరు కూయడం మొదలుపెట్టింది. బ్యాటరీలు ముసలివైపోయాయని తేల్చి, కొత్తవి తెమ్మని షాపుకు చెప్పి వచ్చాడు. అవి రాకముందే ఆయన పోయాడు.

ఆయన్ని హాల్లో పడుకోబెట్టి, బంధువుల కోసం ఎదురుచూస్తున్నాం. కరెంటు పోయింది. ఇన్వర్టరు రెండు కూతలు కూసి ఆగిపోయింది. తల దగ్గర కూర్చుని ఏడుస్తున్న పెద్దమ్మ చటుక్కున తలెత్తింది. "పాపా, ఈడేం సేస్తా ఉండావు? మీ ఇంట్లో మిషను నిలిచిపొయ్యుంటాది, పో!" అంది. నేను వెళ్లేసరికి నాయన మంచం పట్టె పట్టుకుని కూర్చుని ఉన్నాడు, పెదవులు నీలంగా మారాయి. సిలిండరు తగిలించాక కూడా చాలాసేపు మాట్లాడలేకపోయాడు. సిలిండరు ఎంతసేపు వస్తుంది? ఆ భయంతో నాకు పెదనాయన కోసం ఏడవడానికి కూడా తీరలేదు.

అంత్యక్రియలయ్యాక షాపతను కొత్త బ్యాటరీలు ఆటోలో తెచ్చి వాకిట్లో ఆగాడు. పుత్తూరు నుంచి వచ్చిన పెదనాయన అక్క అడ్డం నిలబడింది. "అంటు తీరకుండా ఇంట్లోకి కొత్త సామాను తెస్తారా యాడన్నా? కర్మ కానీండి." ఆమె అన్నదీ తప్పు కాదు. మాలోనూ అంతే, కర్మ అయ్యేదాకా కొత్తదేదీ గడప దాటదు. నేను గోడ వైపు చూస్తున్నాను. పెద్దమ్మ లేచి వచ్చింది. "కర్మ దాకా ఆయన ఆగుతాడు వదినా. ఆ ఇంట్లో మనిషి ఊపిరి ఆగుతాదా?" అంది. పుత్తూరు అత్త పక్కకు జరిగింది. షాపతను చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

పాత వాటిని బయటికి లాగి గుడ్డతో మూతలు తుడిచాడు. కుంకుమ పొరలు పొరలుగా లేచింది. దాని కింద పుల్లలన్నీ ఎర్ర గీత దగ్గరే ఉన్నాయి. "నీళ్లు సుక్క లేదమ్మా, ఎన్నాళ్లనుంచి ఎండినాయో" అన్నాడు. అందరం ఆ ఎరుపును చూస్తూనే ఉన్నాం, పూజ కుంకుమ అనుకున్నాం. పెదనాయన కూడా అదే అనుకున్నాడు. ముందు నవ్వింది పెద్దమ్మే. "సూడు ఈయన భక్తి! బ్యాటరీలను ఉపాసం పండబెట్టినాడు" అంటూ నవ్వి, ఆ నవ్వులోనే ఏడ్చేసింది. పుత్తూరు అత్త వెళ్లి ఆమెను పొదివి పట్టుకుంది.

కొత్తవి బిగించాక పెద్దమ్మ దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణ తెచ్చింది. కొన్నాళ్లలో ఆ భరిణ ఆమె చేతికి రాదని అక్కడున్న అందరికీ తెలుసు. వంగి, మూతలు ముట్టుకోకుండా, బ్యాటరీ పక్కన ఒక బొట్టు పెట్టింది. "ఈడ పెడతే ఎవురికీ అడ్డం లేదు" అంది.

మరుసటి సాయంత్రం కరెంటు పోయింది. మిషను ఆగలేదు, అదే గురగుర. నేను నాయనకు జావ తాగిస్తున్నదాన్నల్లా గిన్నె పట్టుకుని అట్లాగే ఉండిపోయాను, అటు నుంచి కేక వస్తుందని. నాయన కూడా గోడ కన్నం వైపు చూశాడు. ముక్కుకున్న గొట్టం సర్దుకుని, ఉన్న కాస్త ఊపిరీ కూడదీసుకుని, ఎవరూ అడక్కుండానే అన్నాడు.

"నడస్తా ఉండాదన్నా."