కుర్చీ వెనుక పడిపోయే సిగ్నల్

ఒక గదిలో ఎవరూ లేరని మీ కళ్లు చెబుతున్నాయి. అదే గదిలో ఒక మనిషి నిలబడి ఉన్నాడని మీ చేతిలోని పరికరం చెబుతోంది. మీరు దేనిని నమ్ముతారు?

జవాబు చెప్పే ముందు నా గురించి ఒక మాట వినండి. నేను దెయ్యాలను నమ్మను. ‘నమ్మేదాన్ని కాదు’ అని రాయడానికి నా మనసు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. కాలేజీ డిబేట్ జట్టులో ఉన్నన్నాళ్లూ, మూఢనమ్మకాల మీద ఎక్కడ చర్చ పెట్టినా నన్నే పంపేవారు. ఒక మాట అన్నవాళ్లే దానికి ఆధారం చూపాలన్నది అక్కడ నేను నేర్చుకున్న మొదటి నియమం. ఇప్పుడు మాట అంటున్నది నేను. అందుకే చూసింది చూసినట్టుగా, కొలిచింది కొలిచినట్టుగా రాస్తున్నాను.

మా సొంత ఊరు షాద్‌నగర్. నాన్న విమానాశ్రయం దగ్గర క్యాబ్ నడుపుతాడు. అందుకని శంషాబాద్‌లో ఒక ఇంటి కింది భాగం కిరాయికి తీసుకున్నాం. అమ్మ ఒక బడిలో టీచరు. పగలు ఇంట్లో ఉండదు. పైన ఇంటివాళ్లు ఉంటారు. ఇంటామె పేరు యాదమ్మ. ఆమె మామగారు మల్లయ్య తాత కొన్ని నెలల కిందట జబ్బు చేసి, పై అంతస్తులోని తన గదిలోనే కన్నుమూశాడు.

ఆయన పోయిన నక్షత్రం మంచిది కాదని పంచాంగం చూసే అయ్యగారు చెప్పారట. ఆరు నెలలు ఆ గది తలుపు తీయకూడదు, లోపలి లైటు ఆర్పకూడదు. ఈ పద్ధతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మేము చర్చికి వెళ్లేవాళ్లం. మాకు ఈ ఆచారం లేదు. అయినా పరాయివాళ్ల దుఃఖంతో వాదన పెట్టుకోకూడదన్న ఇంగితం నాకు ఉంది. తాళం పడిన మరునాటి నుంచి యాదమ్మ రోజూ ఆ తలుపు బయటే దీపం పెడుతోంది.

చిక్కు ఏమిటంటే, ఇంటర్నెట్ రౌటర్ ఆ గదిలోనే ఉండిపోయింది. వీధిలోంచి వచ్చే తీగ ఆ గది కిటికీలోంచే లోపలికి వస్తుంది కాబట్టి మొదట్లో దాన్ని అక్కడే బిగించారు. పైవాళ్లకూ మాకూ కలిపి అదొక్కటే కనెక్షన్. లోపల కరెంటు ఉంది కనుక, తాళం వేసిన గదిలోంచే మా అందరికీ ఇంటర్నెట్ వస్తూనే ఉంది.

ఇప్పుడు నా చెల్లెలు కరుణ గురించి చెప్పాలి. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. ఆన్‌లైన్‌లో ఐదుగురు జట్టుగా ఆడే ఆటలో దానికి మంచి పేరుంది. దాన్ని ఒక పెద్ద జట్టు పరీక్షకు పిలిచింది. కొన్ని వారాలు సాధన ఆటలు చూసి, చివరిగా ఒక ఆట ఆడించి, అప్పుడు తీసుకుంటారు. మధ్యలో కనెక్షన్ తెగితే ఆ స్థానం ఇంకొకరికి వెళ్లిపోతుంది. అమ్మానాన్నలను ఒప్పించి ఇంత దూరం రావడానికి కరుణ ఎంత పోరాడిందో నాకు తెలుసు. అది పోరాడిన ప్రతిసారీ దాని తరఫున వాదించింది నేనే.

సరిగ్గా అప్పుడే ల్యాగ్ మొదలైంది. ఆట సాఫీగా నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా బిగుసుకుపోయేది. తెరమీద కరుణ పాత్ర ఉన్నచోటనే పరుగెత్తుతుండేది. ఈలోగా శత్రువులు వచ్చి కాల్చిపోయేవారు. జట్టు నాయకుడు హెడ్‌ఫోన్లో ఎగతాళి చేసేవాడట: “ఏందమ్మా, గోడకు అతుక్కున్నవా?” అది నవ్వేసి ఆట ముగించి, స్నానాల గదిలోకి వెళ్లి ఏడ్చేది.

నేను కారణాలను ఒక్కొక్కటిగా కొట్టివేయడం మొదలుపెట్టాను. తప్పు బయటి లైనుదా, ఇంట్లోదా? కంప్యూటర్ నుంచి మా రౌటర్ వరకు మాత్రమే సందేశం పంపి, తిరిగి రావడానికి ఎంతసేపు పడుతోందో చూశాను. ఆలస్యమంతా అక్కడే ఉంది. అంటే బయటి లైనులో దోషం లేదు. పక్కింటి వైఫైలు అడ్డొస్తున్నాయేమోనని ఛానల్ మార్చాను. ఫలితం లేదు. తర్వాత విమానాశ్రయం మీద అనుమానం వచ్చింది. వైఫై ఛానళ్లలో కొన్ని రాడార్లు వాడే తరంగాల పరిధిలోనే ఉంటాయి. రాడార్ అలికిడి వినగానే రౌటర్ ఆ ఛానల్ వదిలి తప్పుకోవాలన్నది నియమం. మా ఇంటి మీదుగా విమానం దిగితే గిన్నెలు మోగుతాయి కాబట్టి, కారణం దొరికిందనే అనుకున్నాను. రాడార్‌తో సంబంధం లేని ఛానల్‌కు మార్చి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మరునాడు మధ్యాహ్నం ఆట మళ్లీ బిగుసుకుంది.

ఇక మిగిలిన దారి కేబుల్ ఒక్కటే. రౌటర్ నుంచి నేరుగా కంప్యూటర్‌కు తీగ లాగితే వైఫైతో పనే ఉండదు. కానీ దానికి ఆ తలుపు తీయాలి. యాదమ్మ దగ్గరికి వెళ్లి, నాకు వచ్చినంత మర్యాదగా అడిగాను. ఒక్క నిమిషం చాలన్నాను. లోపల అడుగు పెట్టేది నేనే కాబట్టి, దోషం ఏదైనా ఉంటే నాకే తగులుతుందన్నాను.

ఆమెకు కోపం రాలేదు. బియ్యం చెరుగుతున్న చేట పక్కన పెట్టింది.

“ఆర్నెల్లు కానియ్యి బిడ్డా. నీకు నమ్మకం లేదు, మంచిదే. రేపు మా ఇంట్ల ఇంకొకలకు ఏమన్నయితే నువ్వు జవాబు చెప్తవా?”

ఎన్నో వేదికల మీద ఎంతోమంది అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పాను. ఈసారి చేట తీసి మళ్లీ ఆమె చేతికి ఇచ్చాను. కిందికి వచ్చేశాను.

మనిషి శరీరం వైఫై సంకేతాన్ని కొంత అడ్డుకుంటుందని ఎక్కడో చదివిన సంగతి ఆ తర్వాతే గుర్తొచ్చింది. ఒంట్లో నీరు ఎక్కువ కదా. పరికరానికి దగ్గరగా, అడ్డంగా మనిషి నిలబడితే సిగ్నల్ బలం తగ్గుతుంది. ఫోన్లో సిగ్నల్ బలాన్ని గీతగా చూపే ఒక యాప్ వేసుకుని, ముందు ల్యాగ్ వచ్చినప్పుడు గీత ఎంత దిగుతోందో చూసుకుని, తర్వాత పరీక్ష పెట్టాను. కరుణ కుర్చీ పక్కన ఫోన్ పెట్టి, మెట్ల వైపు నుంచి వచ్చి కుర్చీ వెనుక నిలబడమని నాన్నకు చెప్పాను. నాన్న వచ్చి నిలబడి, కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. గీత కిందికి దిగింది. ల్యాగ్ వచ్చినప్పుడు ఎంత లోతుకు దిగేదో సరిగ్గా అంతే.

నేను సంతోషించబోయాను. కరుణ వెనక్కి తిరిగి చూసి నవ్వింది.

“డాడీ, నువ్వు అచ్చం తాత లెక్కనే నిలవడ్డవ్.”

నాన్న చెయ్యి తీసేశాడు.

మల్లయ్య తాతకు ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ పని చేస్తున్నా వెళ్లి వాళ్ల వెనుక నిలబడి చూసేవాడు. గోడ కట్టే మేస్త్రీ కావచ్చు, కూరగాయలు తరిగే అమ్మ కావచ్చు. పలకరింపు ఉండదు, సలహా ఉండదు. పని అయ్యేదాకా నిలబడి, అయ్యాక వెళ్లిపోయేవాడు. కరుణ ఆట మొదలుపెట్టగానే మెట్లు దిగి వచ్చి, కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడేవాడు. “తాతా, రేపటి సంది నీకు టికెట్ పెడత” అని అది బెదిరిస్తే, “గెలిచే ఆట చూపియ్యి, అప్పుడు కొంట” అనేవాడు. ఆ రోజుల్లో ల్యాగ్ మాకు సమస్యగా తోచలేదు. తాత ఉన్నప్పుడు ఆట కాస్త తడబడేదన్న సంగతి ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే తెలుస్తోంది.

ఆ ఆలోచన నాకు చాలా అసహ్యంగా తోచింది. మనుషులు కాకతాళీయమైన విషయాలను కలుపుకుని కథ అల్లుకోవడం ఇలాగే కదా అనుకున్నాను. కథను పగలగొట్టడానికి ఇంకా గట్టి పరీక్ష పెట్టాను. ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ, మూలన పడ్డ పాతవి కూడా తీసుకుని ఒకటి మెట్ల కింద, ఒకటి హాలు గుమ్మం దగ్గర, ఒకటి కుర్చీ పక్కన పెట్టాను. లోపం రౌటర్‌లో ఉంటే అన్నిచోట్లా గీత ఒకేసారి పడాలి.

కరుణ ఆట మొదలుపెట్టింది. పట్టపగలు. కిటికీలోంచి ఎండ కుర్చీ కాళ్ల దాకా పడుతోంది. నేనూ నాన్నా గోడకు ఆనుకుని కదలకుండా కూర్చున్నాం.

మొదట మెట్ల కింది ఫోన్లో గీత పడి, మళ్లీ లేచింది. అది లేస్తుండగా గుమ్మం దగ్గర పడింది. అక్కడ కాస్త ఆగింది, పాదాలు ఈడ్చే మనిషి గడప దాటడానికి ఆగినట్టు. తర్వాత అక్కడా లేచి, కుర్చీ పక్కన పడింది. ఇక లేవలేదు. తెరమీద ఆట బిగుసుకుంది.

ఆట ముగిసి కరుణ హెడ్‌ఫోన్ తీయగానే గీత లేచింది. గుమ్మం దగ్గర పడి లేచింది. మెట్ల కింద పడి లేచింది. నాన్న బయటికి వెళ్లి కారులో కూర్చున్నాడు. ఆ తర్వాత అదే పరీక్షను చాలాసార్లు చేశాను. ఆట లేనప్పుడు ఏమీ రాదు. కరుణ బదులు నేను కూర్చుని ఆడినా రాదు.

చివరి ఆటను మైలార్‌దేవ్‌పల్లిలో మా మేనత్త ఇంట్లో ఆడించాలని నిర్ణయించుకున్నాం. సాయంత్రం కంప్యూటర్‌ను నాన్న కారులో తీసుకెళ్లాలి. ఆ ఉదయమే జట్టువాళ్లు సమయం మార్చి, వెంటనే ఆడాలని కబురు పెట్టారు. బయలుదేరే వ్యవధి లేదు. ఫోన్ ఇంటర్నెట్ మా కింది గదుల్లో దాదాపు రాదు. కరుణ నా ముఖంలోకి చూసి, వెళ్లి కుర్చీలో కూర్చుంది.

ఫోన్లను వాటి వాటి చోట్ల పెట్టాను. నాది చేతిలోనే పట్టుకుని గుమ్మం పక్కన నిలబడ్డాను. ఆట సగానికి వచ్చింది. మెట్ల కింద గీత పడింది. నా పక్కనే ఉన్న గుమ్మంలో పడింది. నా మోచేతి మీద రోమాలు లేచాయి. భయంతో అలా జరుగుతుందని నాకు తెలుసు కాబట్టి దాన్ని ఆధారంగా చూపడం లేదు. తర్వాత కుర్చీ దగ్గర పడింది. ఆట బిగుసుకుంది.

కరుణ తెర మీదినుంచి కళ్లు తిప్పలేదు. హెడ్‌ఫోన్ మైకు చేత్తో మూసి, మెల్లగా అడిగింది.

“అక్కా, కుర్చీ ఎందుకు పట్టుకున్నవ్?”

నేను దానికి చాలా దూరంలో ఉన్నాను. నాన్న గోడ దగ్గరే ఉన్నాడు.

ఆ క్షణంలో నేను చేసిన పనిని ఏ తర్కంతోనూ సమర్థించుకోలేను. చెల్లెలి స్థానం పోతోంది, నా దగ్గర ఇంకొక పరీక్ష మిగలలేదు. ఖాళీగా ఉన్న ఆ చోటు వైపు చూసి పైకే అన్నాను:

“తాతా, జర పక్కకు జరుగు. పిల్ల ఆట పోతది.”

గీత లేచింది. తెర కదిలింది. కరుణ వేళ్లు మళ్లీ పరుగెత్తాయి.

అంతవరకూ జరిగినదంతా ఏదో తెలియని సాంకేతిక లోపమని అనుకునే అవకాశం నాకు మిగిలే ఉంది. గోడల్లోని ఇనుము, నీటి గొట్టాలు, ఏదో ఒకటి. కానీ లోపాలు మనుషుల మాట వినవు. నా మాట విని ఏదో పక్కకు జరిగింది. నా జీవితంలో నేను గెలిచిన వాదనలన్నింటిలో నన్ను భయపెట్టినది అదొక్కటే.

అప్పుడు నా చేతిలోని ఫోన్ వైపు చూశాను. దాని గీత పడిపోయి ఉంది. ఫోన్‌ను కుడిచేతిలోకి మార్చుకున్నాను, తల పైకి ఎత్తి పట్టుకుని చూశాను, గోడ వైపు జరిగాను. లేవలేదు. ఆట అయ్యేదాకా అది నా పక్కనే ఉంది. నేను తల తిప్పలేదు. తిప్పితే ఏమీ కనిపించదని తెలిసి కూడా తిప్పలేకపోయాను.

కరుణ ఎంపికైంది. ఇప్పుడు రోజూ ఆడుతోంది. కూర్చునే ముందు “తాతా, పక్కకు” అంటుంది, ఇంట్లో పెద్దవాళ్లను అన్నట్టే. దానికి భయం లేదు. అది ఆడుతున్నంతసేపూ నేను ఇంట్లో ఉండలేక బస్టాండు దాకా నడిచి వస్తున్నాను. నా ఫోన్లోంచి ఆ యాప్ తీసేశాను. తీసేసింది నాకు అక్కర్లేదని కాదు, చూడాలనిపిస్తుందని.

ఆరు నెలలు త్వరలో పూర్తవుతాయి. నిన్న యాదమ్మ కిందికి వచ్చి, గది తెరిచిన రోజు రౌటర్ సంగతి చూడడానికి నన్నే రమ్మంది. “నీకే తెలుసు కదా బిడ్డా, మొదలు నువ్వే లోపలికి పో” అంది. లోపల అడుగు పెట్టేది నేనేనని ఒకనాడు చెప్పింది నేనే కాబట్టి కాదనలేకపోయాను.

దీనికి కారణమేమిటో నాకు నేటికీ తెలియదు. తెలుసుకోకుండా ఆ గడప దాటలేను. అందుకే ఇది చదువుతున్నవారిలో రేడియో తరంగాల గురించి తెలిసినవారిని, నెట్‌వర్క్ పని చేసేవారిని, ఫిజిక్స్ చెప్పేవారిని సూటిగా అడుగుతున్నాను. ఆ తలుపు తీసేలోపు మా ఇంటికి రండి. పగటిపూటే రండి. నా ఫోన్లను నమ్మవద్దు, మీ సొంత పరికరాలు తెచ్చుకోండి. కరుణను ఆడమందాం, మీరే కొలవండి. నా పరీక్షలో తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకుని, అందరి ముందు చూపించండి.

దయచేసి వచ్చి నన్ను ఓడించండి.