ఒక్క కన్నే ఎర్రబడితే

మా చెల్లెలు మస్తాన్‌బీ కన్ను కొన్నాళ్ళుగా ఎర్రగా ఉంది. కల్లంలో తాలు మిరపకాయలు ఏరేవాళ్ళకు అది మామూలేనని వాళ్ళత్తగారు ఆముదం చుక్కలు వేస్తున్నారు. ఈ రోజు పొద్దున్నే నమాజు చదువుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

“మిరప ఘాటుకి గుంటూరు డాక్టరెందుకమ్మా? మా అందరి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి గదా!” అన్నారావిడ.

“ఘాటైతే రెండు కళ్ళూ మండాలి కదా ఖాలా. దీనికి ఒక్కటే మండుతోంది. నేను తీసుకెళ్తున్నాను.”

కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర మీద చిన్న బుడిపెలు లేచాయని డాక్టరుగారు చెప్పారు. కంటి లోపల వాపట. ఇంకా ఆలస్యం చేస్తే చూపే పోయేదట. మందులు మొదలుపెట్టాం, అల్లా దయ.

కల్లంలో తోటివాళ్ళందరికీ చెబుతున్నాను, నయమయ్యేదాకా చెల్లెలు పనికి రాదు. వాళ్ళత్తగారి ఆముదం సీసా నా సంచిలో వేసుకొచ్చాను. కావాల్సినవాళ్ళు వచ్చి నన్నే అడగండి.