ఆరు వైర్ల మాస్టు

జ్ఞానదాసును మంచివాడని ఎవరైనా మెచ్చుకుంటే ఆయనకు ఒళ్ళు మండుతుంది. అది మంచితనం కాదు, వట్టి బుద్ధితక్కువ పని అని ఆయనే అంటాడు. ఆ సంగతి తెలుసుకుని మరీ ఈ కథ వినాలి.

వైజాగ్ రేవులో పడవలు బాగుచేసే ఒక వర్క్‌షాపులో 1968లో చేరాడాయన. చేసేది ఎలక్ట్రీషియన్ పని, పుస్తకంలో రాసేది క్యాజువల్ హెల్పరు అని. రోజూ పొద్దున్న ఏడింటికి గేటు బయట నిలబడాలి. పేరు పిలిస్తే పని, పిలవకపోతే ఇంటిదారి. అలా పదకొండేళ్ళు నిలబడ్డాడు. పర్మనెంటయితే ఎవరూ పిలవక్కర్లేకుండా ఆ గేటులోంచి తిన్నగా లోపలికి నడిచిపోవచ్చు. ఆయనకున్న కోరికల్లా అదొక్కటే. సీతమ్మధారలో ఓ డాక్టరమ్మ దగ్గర ఆయాగా చేసే భార్య ఆరోగ్యమ్మ ఆదివారం చర్చిలో మోకరిల్లి అడిగేదీ అదే.

1979 వేసవిలో షెడ్డులోకి ఒక తెరచాప పడవ వచ్చింది. తెరచాప కట్టే దాని మాస్టు నలభై అడుగుల అల్యూమినియం గొట్టం. దాన్ని ఊడదీసి స్టాండ్ల మీద పడుకోబెట్టారు. ఉప్పుగాలికి లోపలి వైర్లు చిలుము పట్టి పొడిపొడిగా రాలుతున్నాయి. కొనమీద వెలగాల్సిన దీపాలూ, గాలి ఎటు నుంచి ఎంత జోరుగా వీస్తోందో చెప్పాల్సిన మీటర్లూ అన్నీ చచ్చి కూర్చున్నాయి. వైరింగంతా కొత్తగా చెయ్యాలి. ఫోర్‌మన్ త్రినాథరావు జ్ఞానదాసును పక్కకు పిలిచాడు.

"బావా, ఎలక్ట్రీషియన్ పోస్టొకటి పడతాది. ఈ మాస్టు నువ్వు సేసి సూపించు. నీ పేరు నాను పైకి రాత్తాను."

"నిజంగా రాత్తావేటి?"

"ఒట్టు బావా."

మరొకరయితే పాత వైర్లు పరపరా లాగి అవతల పారేసి, నలభై అడుగుల గొట్టంలో కొత్తవి ఎలా దూర్చాలిరా దేవుడా అని తల పట్టుకునేవారు. జ్ఞానదాసు పాత వైర్ల తోకకు నైలాను తాడు కట్టి మరీ లాగాడు. వైర్లు కొనవైపు నుంచి బయటికొచ్చేసరికి వాటి చోట్లో తాడుంది. ఆ తాడుకు కొత్త వైర్లు కట్టి వెనక్కి లాగాడు. పడవ ఊగినప్పుడు గొట్టానికి కొట్టుకుని చప్పుడు చెయ్యకుండా మధ్యమధ్య స్పాంజి చుట్టాడు. స్టోర్సులో ఉన్నది నల్ల వైరొక్కటే. ఆరూ నల్లవే అయితే ఏది దేనిదో ఎలా తెలియాలి? చీటీలు కడితే ఉప్పునీటికి రెండు నెలలు ఆగవు. అందుకని ఒక్కో వైరు కింది కొసన వల అల్లే దారంతో ముడులు వేశాడు. ఒక ముడి కొనదీపానిది, రెండు లంగరు దీపానిది, మూడు డెక్కు దీపానిది, నాలుగూ అయిదూ గాలి మీటర్లవి, ఆరు రేడియోది. కళ్ళు మూసుకుని తడిమినా చెప్పెయ్యొచ్చు.

ఆ మూడు వారాలూ ఆయన వెనకే తిరిగినవాడు గంగాధరరావు. ఐటీఐ సర్టిఫికెట్టు పట్టుకుని అంతకుముందు ఏడాదే తణుకు నుంచి వచ్చి, తనూ గేటు బయటే నిలబడుతున్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి. మర్యాదస్తుడు.

"ఈ ముడుల లెక్కేంటండీ గురువుగారూ?" అని అడిగాడు.

జ్ఞానదాసు అతని వేళ్ళు పట్టుకుని ఒక్కో వైరూ తడిమించి చెప్పాడు. గురువుగారనిపించుకోవడం ఆయనకు బాగానే ఉంది. మెచ్చుకోలు మాటకు పడిపోని మగాడెవడు?

త్రినాథరావు మాట తప్పలేదు. పేరు రాశాడు. ఆఫీసువాళ్ళు దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి వెనక్కి పంపారు. సర్టిఫికెట్టు లేనివాణ్ణి పరీక్షకు పిలవడానికి లేదట. పిలిచింది నలుగురిని, అందులో గంగాధరరావొకడు. పరీక్షకు పెట్టిన పని ఏమిటంటే, షెడ్డులో పడుకున్న ఆ మాస్టు కింది కొసన విడిగా ఉన్న ఆరు వైర్లనూ కనెక్షన్ల పెట్టెలో సరిగ్గా బిగించి, అన్నీ పనిచేయించి చూపించడం.

"నా సేతిలో ఏటుంది బావా," అన్నాడు త్రినాథరావు నేల చూపులు చూస్తూ. "రేపు పరీచ్చ. ఆ వైర్లు పెట్టెలోంచి ఇప్పి సిద్ధంగా ఉంచు."

ఆ మధ్యాహ్నం షెడ్డులో జ్ఞానదాసొక్కడే ఉన్నాడు. వైర్లు విప్పాడు. చేతిలో కత్తెర ఉంది. ఆరు కోతలు కోస్తే చాలు, ముడులు పోతాయి. రేపు నలుగురూ ఆ నల్ల వైర్ల ముందు తెల్లమొహాలు వేస్తారు. అప్పుడు దొరలు, ఇది చేసినవాడెవడు, పిలవండి అంటారు. అనకపోయినా పోస్టు ఖాళీగా మిగిలిపోతుంది, మళ్ళీ అడగొచ్చు. మొదటి ముడి కిందికి కత్తెర పోనిచ్చాడు కూడా. దారం ఎంత బిగువుగా కూర్చుందో చూసుకున్నాడు. చెయ్యి ముందుకు పోలేదు. కత్తెర జేబులో పెట్టుకుని బయటికి వచ్చేశాడు.

మర్నాడు ఒక్కొక్కరినీ లోపలికి పిలిచారు. ఒకరి పరీక్ష అయ్యాక బిగించిన వైర్లు విప్పి, రెండోవాడికి సిద్ధం చేసే పని జ్ఞానదాసుకే పడింది. మొదటి ముగ్గురూ టెస్టర్లు పెట్టి గుచ్చి గుచ్చి చూసి, కొనదీపం వెలగాల్సిన చోట డెక్కు దీపం వెలిగించి చెమటలు కక్కారు. నాలుగోవాడు గంగాధరరావు. వేళ్ళతో ముడులు తడిమాడు. నాలుగు నిమిషాల్లో దీపాలు వెలిగాయి, మీటర్ల ముళ్ళు కదిలాయి. ఇంజనీరుగారు భేష్ అని అతని భుజం తట్టాడు. ఆ మూలే జ్ఞానదాసు స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన వైపు ఎవరూ చూడలేదు, గంగాధరరావు కూడా.

ఇంటికెళ్ళి అంతా చెబితే ఆరోగ్యమ్మ ఒక్కటే అడిగింది.

"కత్తెర సేతిలోనే ఉంది గదా. ఎందుకు కొయ్యలేదు?"

"సక్కగా కట్టినానే. సెయ్యి రాలేదు."

"ఆ సెయ్యే మన కొంప ముంచింది," అని లోపలికి వెళ్ళిపోయింది. మరుసటి ఆదివారం నుంచి ఆమె చర్చిలో ఏం అడిగేదో ఆయనకు చెప్పలేదు.

ఆ తర్వాత అయిదేళ్ళు జ్ఞానదాసు గేటు బయటే నిలబడ్డాడు. పిలిచినరోజు గంగాధరరావు కింద హెల్పరు. మొదటి నెలలో 'గురువుగారూ' పోయి 'దాసుగారూ' వచ్చింది, సంక్రాంతి నాటికి 'దాసూ' మిగిలింది. కష్టమైన పని తగిలితే మాత్రం దాసు కావాలి. పని అయ్యాక సంతకం గంగాధరరావుది. జ్ఞానదాసు లోలోపల కుళ్ళిపోయాడు. ఆ కత్తెర ఎందుకు ఆడలేదా అని తనను తాను తిట్టుకోని రోజు లేదు.

1984లో క్యాజువల్ వాళ్ళందరినీ తీసేశారు. అప్పటికి స్టీల్ ప్లాంటు పనులు జోరుగా నడుస్తున్నాయి. అక్కడొక కాంట్రాక్టరు, ఎలక్ట్రీషియన్‌గా చేసినట్టు పాతచోటి నుంచి కాగితం తెస్తే ఆ పనే ఇస్తానన్నాడు. త్రినాథరావు రిటైరయిపోయాడు. ఆ కుర్చీలో ఉన్నది గంగాధరరావు. జ్ఞానదాసు వెళ్ళి బల్ల ముందు నిలబడి కాగితం అడిగాడు.

"దానికేం భాగ్యం దాసూ, కూర్చో," అని గంగాధరరావు టీ తెప్పించాడు. ముద్దొచ్చే అక్షరాలతో రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. జ్ఞానదాసు ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాడు.

జ్ఞానదాసు 1968 నుంచి 1984 వరకు నా కింద హెల్పరుగా పనిచేశాడు అని ఉంది.

1968లో గంగాధరరావు తణుకులో బడికి వెళ్తున్నాడు.

"ఇది... హెల్పరని..." అన్నాడు జ్ఞానదాసు.

"పుస్తకంలో ఉన్నదే రాయాలి కదా. కిందది చదివావా? నమ్మకస్తుడని కూడా రాశాను. ఎవరికీ రాయను నేనలా," అన్నాడు గంగాధరరావు. నిజంగానే మేలు చేశాననుకుంటున్నాడతను, మొహంలో తెలుస్తూనే ఉంది.

ఆ కాగితం చించి మొహాన కొట్టాలనిపించింది జ్ఞానదాసుకి. ఇంట్లో బియ్యం లేవు. హెల్పరు పనికైనా ఏదో ఒక కాగితం ఉండాలి.

నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. లేచి నిలబడి, "థాంక్స్ సార్," అన్నాడు.