చక్రం కింద రాయి

మొన్న ఆదివారం అమలాపురం నుంచి ఒక కుర్రాడు వచ్చి, మా దొడ్లో రేకుల పాక కింద ఉన్న పాత పికప్ వ్యాను అడుక్కి చాప వేసుకుని మరీ దూరాడు. పెళ్ళయి, ఉద్యోగం చేసుకుంటున్న మనిషే గానీ మన ఈడు వాళ్ళకి వాళ్ళంతా కుర్రాళ్ళే కదా. ఇలాంటి పాత బళ్ళు కొని, ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేయించి, సెలవు రోజుల్లో మన్యం అడవుల్లో సరదాగా తిప్పుతారట. ఆ సరదా ఏమిటో నాకు బోధపడలేదు గానీ, ఎవరి సొమ్ము వాళ్ళిష్టం అనుకుని, చాప మాత్రం కొత్తది కాకుండా చిరిగినది తీసి ఇచ్చాను.

కింద నుంచి అతని గొంతు వినిపిస్తూనే ఉంది. "మామ్మగారండీ, ఇదంతా ఎప్పుడో చేయించేసేరు కదండీ! కమాన్లు లేపేరు, ఇంజను కింద రేకేసేరు. ఎవరండీ ఈ పని చేసింది, చెయ్యి తిరిగినోడండీ!" అని మురిసిపోయి, ఒళ్ళు దులుపుకుంటూ బయటికి వచ్చి, తలుపు తీసి లోపలికి తొంగి చూసి, "అన్నీ ఉన్నాయి గానీ హ్యాండు బ్రేకు లేదేటండీ?" అన్నాడు.

కాఫీ ఇచ్చి, వచ్చే ఆదివారం రమ్మని పంపేశాను. అతను వెళ్ళాక ఆ కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని అరుగు మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. కోడలు వచ్చి గ్లాసు తీసుకుంటే గానీ నా చేతిలో ఉందని గుర్తు రాలేదు.

తుఫానుకి మా వైపు కొబ్బరిచెట్లన్నీ మొవ్వులు విరిగి పడిపోయిన ఏడాది సంగతి ఇది. అప్పటిదాకా ఆ బండి మా ఇంటి అన్నం. తోటల్లో దింపిన కాయ రాజోలు చుట్టుపక్కల నుంచి అంబాజీపేట చేర్చడం మా ఇంటాయన పని, ఎక్కించి దించడం మా మరిది పని. చెట్లే లేకపోయాక కాయ ఎక్కడిది, బాడుగ ఎక్కడిది? మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది, ఇంట్లో పిల్లలు అన్నాళ్ళు ఆకలికి ఆగరు. అప్పుడు ఎవరో మా ఆయన చెవిన వేశారు, మారేడుమిల్లి అవతల కొండసంతల్లో మన ఎండుచేపలకీ ఉప్పుకీ బెల్లానికీ గిరాకీ ఉంది, ఆ దారుల్లోకి బళ్ళే రావు, వెళ్ళగలిగినవాడిదే బేరం అని. బళ్ళెందుకు రావో ఆలోచించండి అన్నాను నేను. ఆయన ఆలోచించినట్టే తల ఊపి, మర్నాడు పొద్దున్నే బండిని రాజోలు షెడ్డుకి తోలుకుపోయారు.

షెడ్డు మేస్త్రి నోటి దురుసు మనిషి. సంగతి విని, "ఏటండీ, బండికి పంచె ఎగ్గట్టమంటారా?" అన్నాడట. "ఆయ్, మోకాళ్ళ పైదాకా ఎగ్గట్టండి. వాగులు దాటాలి," అన్నారట మా ఆయన. ఇంటికి వచ్చి ఆ మాట నాకు చెబుతూ ఒక్కరే నవ్వుకున్నారు.

నిజంగా అలాగే ఎగ్గట్టారు. పాత లారీ కమాన్ కట్టల్లోంచి, అంటే చక్రాల మీద బరువు మోసే స్ప్రింగుల్లోంచి, పట్టీలు తీసి మా బండి కట్టల్లో కలిపితే, బండి జానెడు పైకి లేచింది. వెనక చక్రాలకి గళ్ళు లోతుగా ఉండే బటన్ టైర్లు వేశారు. నీళ్ళలో మునగకుండా పొగగొట్టాన్ని క్యాబిన్ పక్కనుంచి పైకి ఎత్తించారు. ముందు ఇనుప కొక్కెం, దానికో మోకు. రాళ్ళు తగిలి ఇంజను కింద నూనె చాంబరు పగలకుండా మందపాటి రేకు కావాలంటే, రేవులో ముక్కలు చేసి అమ్ముతున్న పాత పంటు అడుగురేకు నేనే బేరమాడి ఇప్పించాను. గోదావరి మీద ఎన్నో బళ్ళని మోసిన పంటు అది, ఇంకో బండిని కాపాడలేదా అనుకున్నాను. బండిలోంచి ఊడదీసిన ఏ ముక్కనీ షెడ్డులో వదలనివ్వలేదు. పాత పక్కరేకు ఇప్పటికీ మా కోళ్ళగూటికి తలుపు, వెనక తొట్టి చెక్క అరుగు మీద బల్ల. ఇప్పటివాళ్ళు చెత్తబండికి ఎత్తేసే వాటితో అప్పట్లో ఒక సంసారం నడిచేది, మీకూ తెలిసిందే.

హ్యాండు బ్రేకు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. దాని పిడి ఎప్పుడో తుప్పు పట్టి బిగుసుకుపోతే, ముందు ముగ్గురు కూర్చోవడానికి అడ్డమని తీసేశారు. మేస్త్రీ మా వైపు మనిషే, మా ఆయనా మా వైపు మనిషే. అరచెయ్యిలా బల్లపరుపుగా ఉండే ఈ నేల మీద ఆపిన బండి ఎక్కడికి పోతుంది? ఏటిగట్టు దిగేటప్పుడూ, రేవులో పంటు మీదకి ఎక్కించాకా తప్ప బండి జారుతుందన్న భయమే లేదు. అప్పుడు కూడా టైరు వెనక ఒక ఎండు కొబ్బరికాయ పెడితే చాలు, పైనున్న పీచు డొక్క నొక్కుకుని బండి కదలదు. అందరూ అదే చేసేవారు, ప్రతి బండిలోనూ సీటు కింద అందుకోసం ఒక కాయ ఉండేది.

సంతలో సరుకు దగ్గర కూర్చోవడానికి నేనూ వెళ్ళేదాన్ని. పిల్లల్ని మా అత్తగారి దగ్గర వదిలి, రావులపాలెం వంతెన దాటి, రాజమండ్రి దాటి, చల్లబడే కొద్దీ చెట్లు దగ్గరకి జరిగే ఆ దారిలో, ఇద్దరి మధ్య, ఆ ఊడదీసిన పిడి చోట కాళ్ళు పెట్టుకుని కూర్చునేదాన్ని. కొండలు అంత దగ్గరగా చూడడం నాకు అదే మొదలు. మా వైపు రాయి కావాలంటే కొనుక్కోవాలి, అక్కడ అడుగడుక్కీ రాళ్ళే. సంతలో మాకు అలవాటైన ఒక కొండాయన, మా మరిది టైరు కింద కాయ పెడుతుంటే చూసి, "ఇన్ని రాళ్ళుండగా కాయ పెడతారేంటయ్యా?" అని నవ్వాడు. "మా కోనసీమోళ్ళకి దేవుడికైనా కాయే, బండికైనా కాయేనండీ," అన్నారు మా ఆయన. అందరం నవ్వుకున్నాం. నేను కూడా నవ్వాను.

బండి నిజంగానే బాగా పనిచేసింది. వాగులు దాటింది, బురద దాటింది. పంటు రేకు రాళ్ళకి గీసుకుని కీచుమంటుంటే మా ఆయన నా వైపు చూసి, చూశావా నీ బేరం అన్నట్టు కనుబొమలు ఎగరేసేవారు. ఇంట్లో మళ్ళీ రెండుపూటలా పొయ్యి వెలిగింది.

వానలు వెనకపట్టు పడుతున్న రోజుల్లో, చింతపండూ కొండచీపుళ్ళూ వేసుకుని తిరిగి వస్తూ, ఒక ఎత్తు మీద ఇంజను కాగిపోయి ఆపాం. సెల్ఫు సరిగా పనిచేయదు, ఆపితే మళ్ళీ అంటుకోదు కాబట్టి ఇంజను ఆపకుండా, గేరు తీసేసి ఉంచడం అలవాటు. మా మరిది వెనక టైరుకి కాయ పెట్టి, ముందుకి వచ్చి బానెట్టు ఎత్తి నీళ్ళు పోస్తున్నాడు. మా ఆయన వెనక్కి వెళ్ళి తాళ్ళు బిగిస్తున్నారు. నేను సీట్లోనే ఉన్నాను. ఎర్రమట్టి తడిసి ఉంది. పక్కనున్న వెదురు పొద నెమ్మదిగా ముందుకి నడుస్తున్నట్టు కనిపించింది. పొద ఎందుకు నడుస్తుంది అనుకున్నాను. మా మరిది "అన్నయ్యా!" అని అరిచాడు. వెనక నుంచి ఆయన గొంతు, "వదినని దింపరా" అని. ఆయన పక్కకి తప్పుకోలేదు. భుజం ఆనించారు. లోపల నేనున్నాను కదా.

దారి వారనున్న బండరాయికి పంటు రేకు తట్టుకుని బండి నిలబడింది. బండికి ఏమీ కాలేదు.

ఆ తరువాత ఎవరేమన్నారో, ఎవరు వచ్చారో నాకు తెలియదు. గుర్తున్నది ఆ కాయ ఒక్కటే. టైరు కింద నలిగి, జారి, డొక్క విడిపోయి పగిలి ఉంది. లోపల తెల్లగా పువ్వు ఉంది. కాయలో పువ్వు వస్తే శుభమంటారు కదా, గుళ్ళో అయితే కళ్ళకద్దుకునేవాళ్ళం. దాన్నే చూస్తూ నిలబడ్డాను.

వేరే బండి రాని దారి. ఆయన్ని ఆ బండిలోనే, చీపురుకట్టలు సర్ది పడుకోబెట్టి తీసుకొచ్చాం. బయలుదేరే ముందు మా మరిది ఆ దారిలోంచి ఒక నల్లరాయి ఎత్తి సీటు కింద పెట్టుకున్నాడు. మా చెట్లు కాపుకు వచ్చేదాకా, నా పిల్లలు చేతికి వచ్చేదాకా, అతనే ఆ బండి తోలి మమ్మల్ని పోషించాడు. మన్యం మళ్ళీ వెళ్ళలేదు. ఈ పల్లపు నేల మీదే, ఆపిన ప్రతిచోటా దిగి చక్రం వెనక ఆ రాయి పెట్టేవాడు. చూసినవాళ్ళు నవ్వేవారు. మోకాళ్ళు పట్టేసి బండిని మా పాకలోకి చేర్చిన రోజున కూడా పెట్టాడు.

ఈ ఆదివారం ఆ అబ్బాయి మళ్ళీ వచ్చాడు. ఇస్తాను, కానీ హ్యాండు బ్రేకు వేయించాకే బండి నా గుమ్మం దాటుతుందన్నాను. "ఇక్కడంతా చదునే కదండీ మామ్మగారూ, అమలాపురం వెళ్ళాక వేయించుకుంటానండీ," అన్నాడు. అయితే వద్దులే అన్నాను. నా మొహం చూసి, మేస్త్రిని మా దొడ్లోకే పిలిపించి వేయించాడు. అతన్ని పిడి లాగమని, నేను వెనక్కి వెళ్ళి, రెండు చేతులూ ఆనించి తోశాను. కదల్లేదు. ఇంకోసారి తోశాను. ఇక తీసుకెళ్ళమన్నాను. మా మరిది చేతికర్రతో గేటు దాకా వచ్చి, బండి మలుపు తిరిగేదాకా చూసి వెళ్ళిపోయాడు.

ఆ మన్యం దారి ఇప్పుడు తారు రోడ్డట. ఆదివారం వస్తే జనం కార్లలో వెళ్ళి, వెదురుబొంగులో కోడి వండించుకుని తిని, ఫొటోలు తీసుకుని సాయంత్రానికి తిరిగి వస్తారట. మనం తిండి కోసం ఎక్కిన కొండని వీళ్ళు సరదాకి ఎక్కుతున్నారు. ఎక్కనీ, తప్పేముంది. మా చెట్లు మళ్ళీ పెరిగి ఇంటిని మించి ఎత్తుకి పోయాయి. ఆయన లేని ఏళ్ళు ఆయన ఉన్న ఏళ్ళ కన్నా ఎక్కువైపోయాయి.

పాక ఖాళీ అయింది. నేల మీద రాయి ఒక్కటే మిగిలింది. బట్టలుతికే చోట వేసుకోమంటారా అని కోడలు అడిగింది. ఏ వస్తువూ ఊరికే పడి ఉండడం నాకు గిట్టదని దానికి తెలుసు. అక్కడే ఉండనీ అన్నాను. ఇక్కడ జారిపోయేది ఏదీ లేదు, అయినా ఉండనీ.