అవసరం లేదు

మా చెల్లెలికి లా ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చిన ఏడాది నేను హిందూపురంలో ఒక నూలు మిల్లులో పని చేస్తుండేవాణ్ణి. మా ఊరు ధర్మవరం నుంచి బత్తలపల్లికి పోయే దారిలో. నాయనకు గొర్రెలున్నాయి, వాన పడితే వేరుశనగ వేస్తాడు. ఆ ర్యాంకుకు దూరాన ఉన్న పెద్ద కాలేజీలో సీటు ఖాయం. ఫీజు మాత్రం మేము కట్టగలిగేది కాదు. లా చదివే తెలివైన పిల్లలకు ఒక ట్రస్టు స్కాలర్‌షిప్ ఇస్తుందని, ఐదేళ్ల ఫీజూ హాస్టలూ అదే కడుతుందని చెల్లెలే ఫోన్‌లో వెతికి కనుక్కుంది. అది వస్తే పెద్ద కాలేజీ, రాకపోతే అనంతపురం.

"రేషను కార్డు జిరాక్సు పెట్టినావా మే?" అని అడిగాడు నాయన.

"దీనికి కార్డు వద్దు నాయనా. మార్కులు చూసి ఇస్తారు."

"మార్కులకి దుడ్లిస్తారా! మీ అన్నకి ఎవురూ ఇయ్యకపోయిరే?"

అందరూ నవ్వారు. డిగ్రీ మధ్యలో ఆపేసిన నేనూ నవ్వాను. ఆ మాట నన్ను గుచ్చిందని ఇప్పుడు అనిపిస్తోంది. అప్పుడే గుచ్చిందో, తర్వాత జరిగినదానికి ఒక కారణం కావాలి గనుక ఇప్పుడు గుచ్చుతోందో తేల్చుకోలేకపోతున్నాను.

దరఖాస్తుతో పాటు, అభ్యర్థిని ఎరిగిన వకీలు ఎవరైనా రాసిన సిఫారసు లెటరు కావాలి. చెల్లెలు ఇంటర్ అయ్యాక సెలవుల్లో పెనుకొండలో ఒక వకీలు దగ్గరికి రోజూ రైల్లో పోయి కాగితాలు టైపు చేసింది. ఆయనది అమరాపురం వైపు. ఇంట్లో కన్నడం, కోర్టులో తెలుగు. "ఫోన్‌లో అడిగితే మర్యాదగా ఉండదన్నా. నువ్వు ఇంటికొచ్చేటప్పుడు పెనుకొండలో దిగి సారును అడుగు" అని నాకు చెప్పింది.

దిగాను. ఆయన కోర్టు బయట జిరాక్సు అంగడి ముందర నలుగురు కక్షిదారుల మధ్య కూర్చుని ఉన్నాడు. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను.

"ఓ, పాపకి అన్నవా? లెటరుకా? అవసరం లేదప్పా, అవసరం లేదు" అని నా భుజం తట్టాడు. ఇంతలో లోపల కేసు పిలిచారు. నల్లకోటు తగిలించుకుంటూ వెళ్లిపోయాడు. ఆ నలుగురూ నన్ను చూస్తున్నారు. కాసేపు ఆయన కోసం చూసి నేను స్టేషనుకు నడిచాను.

"అవసరం లేదన్న్యాడా?" చెల్లెలు నమ్మలేదు. "లెటరు కావాలని దాంట్లో రాసిండారు కదన్నా."

"ఆయప్ప వకీలు. నువ్వింగా కాలేదు. ఆయప్పకి తెలీదా?"

"మళ్లా ఒకసారి అడుగన్నా. ల్యాకుంటే నేనే ఫోన్ చేస్తా."

"నేను చేస్తాలే."

చేయలేదు. మరునాడు తను అడిగితే "చేసినా. అదే మాట అన్న్యాడు" అన్నాను.

ఎందుకన్నానో ఎన్నోసార్లు ఆలోచించాను. నలుగురిలో నిలబెట్టిన మనిషిని మళ్లీ అడగడానికి మనసు రాలేదన్నది ఒక జవాబు. ఆ జవాబు చెప్పుకున్నప్పుడల్లా, దాని వెనక ఇంకేదో ఉన్నట్టుంటుంది. అదేమిటో చూడబోతే ఏమీ కనపడదు.

దరఖాస్తు లెటరు లేకుండానే పోయింది. అసంపూర్ణంగా ఉంది కాబట్టి పరిశీలించలేదని ట్రస్టు నుంచి సందేశం వచ్చింది. చెల్లెలు ఏడవలేదు. అనంతపురం కాలేజీలో చేరింది. పెనుకొండ వైపు మాత్రం పోవడం మానేసింది. "పని చేయించుకుండేదానికి పాప కావాల, ఒక కాగితం రాసిచ్చేదానికి చెయ్యి రాదు" అని అమ్మ ఆ వకీలును తిట్టని రోజు లేదు. ఆ తిట్లకు నేనూ తలూపాను.

కొన్ని నెలల తర్వాత హిందూపురం స్టేషన్లో ఆయనే నన్ను పిలిచాడు. పక్కన ఆయన గుమాస్తా ఉన్నాడు.

"ఏమప్పా, పాప కనపడేదే ల్యాదు? లెటరు టైపు చేసి పెట్టింటి. తీసకపోను ఒకరూ రాకపోతిరి."

"మీరే కదా సార్, అవసరం లేదంటిరి?"

"అంటి. గడువు ఇంగా ఉండె కదా. అంత అవసరం ఎందుకు, నిదానంగా రాసిస్తామని."

నేను నోరు తెరుచుకుని నిలబడితే గుమాస్తా పగలబడి నవ్వాడు. "మా సారుది కన్నడం అవసరమప్పా! తొందర ల్యాదని దాని అర్థం. నా పెండ్లికి పిలిస్తే 'వస్తాలే, అవసరం లేదు' అన్న్యాడు. మా మామ మొగం జూడాల ఆ పొద్దు!"

వకీలు కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. రైలెక్కాక నవ్వు ఆగిపోయింది. మా మిల్లులో సగం మంది మడకశిర, అమరాపురం వాళ్లు. "అంత అవసరం చేయొద్దప్పా" అని నాతోనే రోజూ అంటారు. ఆ మాట నాకు తెలుసు. మరి ఆ రోజు ఎందుకు తట్టలేదు? నిజంగా తట్టలేదా? దానికి నేను ప్రమాణం చేయలేను.

ఆ సాయంత్రం ధర్మవరం స్టేషన్లో అనంతపురం రైలు దిగిన చెల్లెల్ని బైకు మీద ఎక్కించుకున్నాను. దారిలో ఇదంతా తమాషాగా చెప్పాను, గుమాస్తా పెండ్లితో సహా. తను వెనక కూర్చుని గట్టిగా నవ్వింది. కొంత దూరం పోయాక ఆ నవ్వు తగ్గింది.

"అన్నా, నువ్వు ఫోన్ చేసినప్పుడు గూడా అదే మాట అన్న్యాడా?"

అద్దంలో తన ముఖం కనపడలేదు. "నేను ఫోన్ చేయలేదు మే" అన్నాను.

మరుసటి ఆదివారం చెల్లెలు ఒక్కతే పెనుకొండ పోయి ఆయన్ని కలిసి వచ్చింది. సెలవులకు మళ్లీ ఆ ఆఫీసులోనే పని చేస్తోంది. ఆ కన్నడం మాట సంగతి గానీ, నేను ఫోన్ చేయని సంగతి గానీ తను ఇంట్లో చెప్పలేదు. నన్ను కాపాడుతోందో, నేనే చెప్తానేమోనని చూస్తోందో అర్థం కాదు. అడిగే ముఖం నాకు లేదు.

మొన్న అన్నం దగ్గర అమ్మ మళ్లీ ఆయన్ని తిట్టింది. ఈసారి ఆగలేక, "తప్పు ఆయప్పది కాదుమా" అన్నాను.

"మరెవురిది?"

అందరూ నావైపు చూస్తున్నారు. "ఆ మాటది" అన్నాను. అని, కన్నడంలో అవసరమంటే ఏమిటో అమ్మకు వివరంగా చెప్పడం మొదలుపెట్టాను. చెల్లెలు కంచం తీసుకుని లేచి వెళ్లింది.